పదో తరగతి పిల్లలకు ఊరు చూపించండి

పదో తరగతి ఫలితాలు వచ్చిన సాయంత్రం నుంచి తెనాలిలో గానీ, బాపట్లలో గానీ, రేపల్లెలో గానీ ఆ పిల్లలకు ఎదురుపడ్డ పెద్దవాళ్ళందరూ రెండే ప్రశ్నలు అడుగుతారు. ఎన్ని మార్కులొచ్చాయి? ఏ గ్రూపు తీసుకుంటున్నావు? మొదటి ప్రశ్నకు పిల్లలు టక్కున జవాబు చెబుతారు. రెండో ప్రశ్నకు పక్కనున్న నాన్న చెబుతాడు. మేనమామ సలహా, ఎదురింటి అబ్బాయి చదువు, సంక్రాంతి సెలవుల్లోనే ఇంటికొచ్చి ఫీజు తగ్గిస్తామని అడ్వాన్సు కట్టించుకుపోయిన హాస్టల్ కాలేజీ మనిషి మాట, ఇవన్నీ కలిసి ఆ జవాబును తయారు చేస్తాయి. లెక్కలొస్తే ఎంపీసీ. సైన్సు బాగుంటే బైపీసీ. రెండూ కాకపోతే సీఈసీ. పదిహేనేళ్ళ పిల్ల ముందు నలభై ఏళ్ళ పని జీవితం ఉంది. దాని గురించి ఆ ఇంట్లో ఆ పిల్లతో ఒక పూటంతా కూర్చుని మాట్లాడినవాళ్ళు ఉండరు.

తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. కౌలుకు చేసుకునే రైతుకూ, మిల్లులో పనిచేసే తల్లికీ సుఖంగా కనిపించే ఉద్యోగాలు రెండో మూడో ఉంటాయి. తెలిసిన దారిలోనే పిల్లల్ని పంపుతారు. తెలియని దారులు చూపించాల్సింది బడి. ఆ పని చాలా బడుల్లో ఏడాదికొకసారి, పరీక్షలు దగ్గరపడ్డాక, ఒక గంట ఉపన్యాసంతో ముగుస్తుంది. వచ్చినాయన కోర్సుల పేర్లు చదువుతాడు. పాలిటెక్నిక్, ఐటీఐ, ట్రిపుల్ ఐటీ, ఏపీఆర్‌జేసీ. పిల్లలు నోటుబుక్కులో రాసుకుంటారు. పేరు తెలిసింది కదా, మరి ఆ చదువు చదివినవాళ్ళు పొద్దున లేచి ఏం చేస్తారు? ఏ పనిముట్టు పట్టుకుంటారు? ఎవరితో మాట్లాడతారు? ఏ సంగతి వాళ్ళను రాత్రి నిద్రపోనివ్వదు? ఇవి ఉపన్యాసంలో ఉండవు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదీ. ఈ మూడు ఊళ్ళలో చూడదగ్గ పనులు బడికి సైకిలు దూరంలోనో, ఒక గంట బస్సు దూరంలోనో ఉన్నాయి. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళాలి. ఊరికే చూసి రావడానికి తీసుకెళితే విహారయాత్ర అవుతుంది. ఊరికి పనికొచ్చే ఒక సేవ వాళ్ళకు అప్పగించి పంపితే, ఆ సేవ చేస్తూ చేస్తూ ఏ పని తమకు నప్పుతుందో పిల్లలే కనిపెడతారు.

బాపట్లతో మొదలుపెడతాను. 1945 జులైలో ఇక్కడ వ్యవసాయ కళాశాల తెరిచారు. తెలుగునాట వ్యవసాయ డిగ్రీ చదువుకు అదే మొదటి కళాశాల. ఇప్పుడది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది. వ్యవసాయ ఇంజనీరింగుకూ, ఆహార శాస్త్రానికీ అదే ఊళ్ళో విడిగా కళాశాలలున్నాయి. ఇక్కడ వరి మీద జరిగిన పరిశోధన ఫలితాన్ని దేశంలో కోట్లమంది రోజూ కంచంలో పెట్టుకుంటున్నారు. మనం సాంబమసూరి అని కొనే బియ్యానికి శాస్త్రవేత్తల దగ్గరున్న పేరు బీపీటీ 5204. ఆ మూడక్షరాలూ బాపట్లవి. 1986లో విడుదలైన రకం అది. అమెరికాలో మనవాళ్ళు దుకాణాలకు వెళ్ళి బస్తాలుగా తెచ్చుకునే సోనామసూరి కూడా ఇక్కడ పుట్టినదే, దాని నంబరు బీపీటీ 3291. టీచర్లకు నాదొక మనవి. ఈ రెండు నంబర్లూ బోర్డు మీద రాసి, ఇవేమిటో చెప్పమని రేపు మీ తరగతిలో అడిగి చూడండి.

కొత్త వరి రకం ఎలా పుడుతుందో కాస్త వివరంగా చెబుతాను. మెండెల్ బఠానీల పాఠం చదివిన పిల్లలకు ఇది పూర్తిగా అర్థమవుతుంది. వరి పువ్వులో ఆడ భాగం, మగ భాగం ఒకేచోట ఉంటాయి. తన పుప్పొడి తన మీదే రాలుతుంది. రెండు రకాల్ని కలపాలంటే, తల్లిగా ఎంచుకున్న మొక్క వెన్ను మీద ఇంకా విచ్చుకోని పువ్వుల కొసల్ని సాయంత్రం పూట చిన్న కత్తెరతో కత్తిరిస్తారు. లోపలున్న ఆరు కేసరాల్నీ సన్నటి పట్టకారుతో తీసేస్తారు. వెన్నుకు కాగితపు సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దున తండ్రి మొక్క పువ్వులు విచ్చుకునే వేళకు సంచి విప్పి, ఆ పుప్పొడిని దీని మీద దులుపుతారు. దక్కే గింజలు కాసిని. వాటిని నాటి, మొలిచినవాటిలోంచి మంచివి ఏరి, మళ్ళీ నాటి, మళ్ళీ ఏరి, ఇలా ఎన్నో తరాలు గడిస్తే గానీ రకం నిలకడకు రాదు. ఆ తర్వాత రైతుల పొలాల్లో పరీక్షలు. ఒక సన్న బియ్యపు గింజ వెనక ఇంత ఓపిక, ఇంత చేతి నైపుణ్యం ఉన్నాయని కళ్ళారా చూసిన పిల్ల ఇక బైపీసీ అంటే నీట్ ఒక్కటే అనుకోదు.

కథ అక్కడితో ఆగలేదు కూడా. సాంబమసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద బలహీనత. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధనశాల సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఆ తెగులును తట్టుకునే సాంబమసూరిని తయారుచేశాయి. అది 2008లో వచ్చింది. 2025 మే నెలలో అదే సాంబమసూరి జన్యువును సవరించి తయారుచేసిన, ముందుగా కోతకొచ్చే రకాన్ని కమల అనే పేరుతో ప్రకటించారు. కత్తెర, పట్టకారు దగ్గర మొదలై జన్యు సవరణ దాకా వచ్చిన ఈ నలభై ఏళ్ళ ప్రయాణంలో ఎన్ని ఉద్యోగాలున్నాయో చూడండి. ప్రజనన శాస్త్రవేత్త, తెగుళ్ళ నిపుణుడు, ప్రయోగశాల సాంకేతిక నిపుణులు, విత్తన ధ్రువీకరణ అధికారి, పొలంలో రోజువారీ లెక్కలు రాసే సహాయకుడు. అందరికీ పీహెచ్‌డీ అక్కర్లేదు. పదో తరగతి పాసైనవాళ్ళకు వ్యవసాయ పాలిటెక్నిక్‌లలో రెండేళ్ళ డిప్లొమా ఉంది. ఆ డిప్లొమా చేసి, అగ్రిసెట్ ప్రవేశ పరీక్ష రాసి, బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరవచ్చు. ఇంటర్ అనే గుమ్మం దాటకుండానే వ్యవసాయ పట్టభద్రులయ్యే దారి ఇది. పొలం వాసన తెలిసిన పిల్లలకు ఇంతకంటే తగిన దారి నాకు కనిపించదు. అయినా పొలంలో పుట్టిన పిల్లవాణ్ణి పొలానికి దూరంగా పంపడమే చదువు ప్రయోజనం అనే నమ్మకం మన ఊళ్ళలో బలంగా ఉంది. ఆ నమ్మకం మారాలి.

తెనాలిలో పని ఇంకో రకంగా కనిపిస్తుంది. ఇక్కడ సరుకు వస్తుంది, పోతుంది. నిమ్మకాయల మార్కెట్టుకు వెళితే కాయను రంగు, సైజు, రసం చూసి విడదీసే మనుషులు, ధర పాడే కమీషన్ వ్యాపారులు, ఉత్తరాది నగరాలకు లారీల లెక్క చూసే గుమస్తాలు కనిపిస్తారు. పక్కనే దుగ్గిరాలలో పసుపు యార్డు. డెల్టాలో వరి కోతకు ముందే తడి చేలో చల్లే మినుములు తెనాలి మిల్లులకు వచ్చి మినపగుళ్ళవుతాయి. కామర్సు తీసుకున్న పిల్లకు ఒక్క రోజు యార్డులో కూర్చుని పాట వినే అవకాశం ఇవ్వండి. సరఫరా, గిరాకీ అనే పాఠం మళ్ళీ చెప్పాల్సిన అవసరం ఉండదు.

నాకు ఇంకా ఇష్టమైనవాళ్ళు తెనాలి శిల్పులు. కాటూరి వెంకటేశ్వరరావు గారు, వారి కుమారుడు రవిచంద్ర గారు పాత ఇనుప సామాను, బోల్టులు, నట్లు, గొలుసులు, గేర్లు అతికి నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. వాటిని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఒక విగ్రహంలో ఎన్ని చదువులున్నాయో లెక్కపెట్టండి. కొలతలకు రేఖాగణితం, అతుకులకు వెల్డింగు, బరువు నిలవడానికి భౌతికశాస్త్రం, ముఖకవళికలకు శరీర నిర్మాణం, ఒప్పందానికి వ్యాపారం. ఐటీఐలో వెల్డరు ట్రేడు తీసుకున్న అబ్బాయిని చుట్టాలు జాలిగా చూస్తారు. ఆ అబ్బాయిని ఒకసారి శిల్పశాలకు తీసుకెళితే తన చేతిలోని పని ఎంత ఎత్తుకు పోగలదో చూసుకుంటాడు. బొమ్మలు గీసే పిల్లలకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనూ లలితకళల డిగ్రీలున్నాయి. రాయడం, కథలు చెప్పడం ఇష్టమైన పిల్లలకు కూడా తెనాలిలో పెద్దలున్నారు. 1947 జులైలో నాగిరెడ్డి గారితో కలిసి చందమామ పిల్లల పత్రికను మొదలుపెట్టిన చక్రపాణి గారు తెనాలివారు. దాన్ని ఏళ్ళ తరబడి నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారూ తెనాలివారే.

ఇక రేపల్లె. ఆ పక్కనున్న పల్లెల్లో ఇంటికొకరైనా రొయ్యల చెరువుతో సంబంధం ఉన్నవాళ్ళే. 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చాక ఈ సాగు రూపమే మారింది. సీడు ఎప్పుడు వదలాలి, మేత ఎంత వేయాలి, రాత్రి రెండింటికి చెరువులో ఆక్సిజన్ ఎంతకు పడిపోతుంది, ఏరియేటర్లు ఎన్ని తిరగాలి, ఉప్పదనం ఎంత, అమోనియా ఎంత, పట్టుబడి రోజున కౌంటు ఎంత వస్తుంది, ధర ఎంత పలుకుతుంది. రైతు తల్లకిందులయ్యేదీ నిలదొక్కుకునేదీ ఈ అంకెల మీదే. తెల్లమచ్చ వ్యాధి ఒక్క వారంలో చెరువును ఖాళీ చేసిన కథలు అక్కడి పెద్దల దగ్గర కావలసినన్ని వినవచ్చు. ఈ అంకెలు చూసిపెట్టే నీటి పరీక్షల ల్యాబు టెక్నీషియన్లు రేపల్లె పిల్లలే కావచ్చు. పెనుమూడి వారధి దాటితే పులిగడ్డ, అక్కడి నుంచి నాగాయలంక వైపు వెళితే భావదేవరపల్లిలో మత్స్యశాస్త్ర పాలిటెక్నిక్ ఉంది. కృష్ణకు అవతలి ఒడ్డున ఉన్న చదువు ఇది. ఇవతలి ఒడ్డున ఎన్ని హైస్కూళ్ళు తమ పిల్లల్ని దాని గేటు దాకా తీసుకెళ్ళాయి?

ఇప్పుడు సేవ గురించి. సేవ అనగానే చీపుర్లు పట్టుకుని ఫొటో దిగడం మన కళ్ళముందు మెదులుతుంది. ఈ గడ్డ మీద సేవకు అంతకంటే చాలా పెద్ద చరిత్ర ఉంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి చిన్ననాటి చదువు రేపల్లె దగ్గరి కూచినపూడిలో. బాపట్ల తాలూకా ఆఫీసులో కొంతకాలం గుమస్తాగా పనిచేశారు. ఆ ఉద్యోగం వదిలి ఎడింబరో వెళ్ళి చదువుకుని వచ్చి, పాఠాలు చెప్పి, తర్వాత దేశసేవలో దిగారు. ఆయన కూడగట్టిన రామదండు యువకుల దళం. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు వచ్చిన జనసముద్రానికి క్రమశిక్షణతో సేవ చేసింది ఆ దళమే. అదే ఏడాది చీరాల, పేరాల ప్రజలు పన్నులకు నిరసనగా ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగరంలో నెలల తరబడి కాపురమున్నప్పుడు వాళ్ళకు అండగా నిలిచిందీ వాళ్ళే. పందిళ్ళు, నీళ్ళు, కాపలా, రోగుల సంరక్షణ అన్నీ ఆ కుర్రవాళ్ళు చేస్తూ నేర్చుకున్నవి.

వేటపాలెంలో 1918లో కొందరు యువకులు సంఘం పెట్టుకుని పుస్తకాలు పోగుచేశారు. అదే సారస్వత నికేతనం. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. నూరేళ్ళనాటి పత్రికలు వెతికే పరిశోధకులు ఇవాళ్టికీ అక్కడికే వస్తారు. తెనాలి ప్రాంతంలోని పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు 1935లో పడవ మీద గ్రంథాలయం నడిపారు. రోడ్లు సరిగా లేని కాలంలో కాలువ ఒడ్డు పల్లెలకు పుస్తకాలు నీళ్ళమీద వెళ్ళాయి. నాగభూషణం గారు ఆ తర్వాత జీవితమంతా గ్రంథాలయ ఉద్యమానికే ఇచ్చి, గ్రంథాలయ శాస్త్రంలో ఎందరికో శిక్షణ ఇచ్చారు. గమనించండి, సేవగా మొదలైన పని ఆయనకు వృత్తి అయింది, ఎందరికో ఉద్యోగమయింది.

మరి ఇవాళ్టి హైస్కూలు పిల్లలకు ఏ సేవ ఇవ్వాలి? నన్నడిగితే సముద్రం దగ్గర మొదలుపెట్టమంటాను. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచిన రోజు. ఇటు రేపల్లె, బాపట్ల ప్రాంతాలు కూడా ఆ దెబ్బ తిన్నాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఈ రెండు తేదీల మధ్య హెచ్చరికల వ్యవస్థ ఎంతో మారింది. ఉపగ్రహాలు, రాడార్లు, హైదరాబాదులో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఫోనుకొచ్చే సందేశాలు. నిజాంపట్నం హార్బరులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబరు మన పిల్లలు పేపర్లో చదువుతూనే ఉంటారు. మూడో నంబరుకూ పదో నంబరుకూ తేడా ఏమిటో ఎంతమందికి తెలుసు?

తీరానికి దగ్గరున్న ప్రతి హైస్కూలూ తన ఊరి తుపాను పటం ఒకటి తయారు చేయవచ్చు. ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలివాళ్ళున్నారు, ఎక్కడ గర్భిణి ఉంది, ఎవరికి చెవులు వినపడవు, తుపాను షెల్టరుకు ఏ దారి మునుగుతుంది, ఏ దారి మునగదు, షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరిద్దరుగా వీధులు పంచుకుంటే కొన్ని ఆదివారాల్లో పూర్తయ్యే పని ఇది. పటాన్ని పంచాయతీకి, సచివాలయానికి ఇవ్వాలి, ప్రతి ఏడూ దసరాకు ముందు సరిచేయాలి. ఇళ్ళకు వెళ్ళినప్పుడే 1977 చూసిన పెద్దల మాటలు రాసుకోవాలి. ఆ ఉప్పెన నాటికి పదేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు అరవై దగ్గరపడుతున్నాయి, ఇంకా ఆలస్యం చేయడానికి లేదు. ఈ పని చేసిన పిల్లల్లో ఒకరికి పటాలు గీయడం నచ్చుతుంది, సర్వే వైపు వెళతారు. ఒకరికి ముసలమ్మ బీపీ గురించి అడగడం నచ్చుతుంది, నర్సింగు వైపు చూస్తారు. ఒకరికి కథలు వినడం నచ్చుతుంది, విలేకరి అవుతారు. ఒకరు గాలి ఎందుకు గుండ్రంగా తిరుగుతుందని అడుగుతారు, వాతావరణ శాస్త్రం అనే చదువు ఉందని అప్పుడు తెలుసుకుంటారు.

బాపట్ల పిల్లలకు సూర్యలంక ఉంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కొక్కటి నూరు దాకా పెడుతుంది. అటవీ శాఖవాళ్ళు గుడ్లు సేకరించి కంచె వేసిన ఇసుకలో భద్రపరుస్తారు. సుమారు 50 రోజులకు పిల్లలు పైకొస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు పుడతాయి. ఈ ఒక్క సంగతి చాలు, వాతావరణ మార్పు గురించి పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేయడానికి. తీరంలో తెగిన వలలు, ప్లాస్టిక్ ఏరడం, ఇసుక ఉష్ణోగ్రత రోజూ రాయడం వాళ్ళు చేయగల పనులు. రేపల్లె పిల్లలు ఊరి బావుల్లో, చేతిపంపుల్లో ఉప్పదనం నెలకోసారి కొలిచి బడి గోడమీద రాయవచ్చు. చిన్న మీటరు చాలు. తాగే నీళ్ళ గురించి ఆ ఊరి దగ్గర అంతకుముందు లేని లెక్క పుడుతుంది. తెనాలి పిల్లలు శాఖా గ్రంథాలయానికి వారానికొక సాయంత్రం ఇస్తే, చిన్న తరగతుల పిల్లలకు కథలు చదివి వినిపించవచ్చు.

ఇవన్నీ కొత్త ఊహలేమీ కావు. పనితోనే చదువు నేర్పే గాంధీజీ నయీ తాలీం వచ్చింది 1937లో. జాతీయ సేవా పథకం, మనం ఎన్ఎస్ఎస్ అంటాం, 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైంది. ఏడాదికి 120 గంటల సేవ అందులో నియమం. బడి స్థాయిలో ఎన్‌సీసీ జూనియర్ విభాగం, స్కౌట్స్, గైడ్స్, జూనియర్ రెడ్‌క్రాస్ ఉన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుల దగ్గర పని నేర్పమంది. కాగితం మీద లోటు లేదు. పది రోజుల్ని పది ఉపన్యాసాలుగా మార్చేస్తే మాత్రం ఆ కాగితం వృథా.

బయటి దేశాల్లో నన్ను బాగా కదిలించినది జపాన్‌లోని హ్యోగో ప్రాంతం. 1995 జనవరి 17 భూకంపంలో అక్కడ కోబె నగరం కూలి, ఆరు వేలమందికి పైగా చనిపోయారు. 1998 నుంచి అక్కడ మాధ్యమిక పాఠశాల రెండో ఏడాది పిల్లలందరూ వరుసగా అయిదు రోజులు బడికి బదులు ఊళ్ళో పనికి వెళతారు. రొట్టెల దుకాణం, అగ్నిమాపక కేంద్రం, పొలం, వృద్ధుల ఆశ్రమం, శిశు విహారం. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు. దెబ్బతిన్న ఊరు తన పిల్లల్ని తానే పెంచుకోవాలనుకుంది. ఉప్పెనలు చూసిన మన తీరానికి ఆ ఆలోచన పరాయిది కాదు. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలో 75 గంటల సేవ చేయనిదే హైస్కూలు పట్టా ఇవ్వరు. కెనడాలో ఒంటారియోలో 40 గంటలు. అక్కడున్న మన తెలుగు పిల్లలు ఆ గంటలు పూర్తి చేస్తున్నారు. వాళ్ళ తాతగారి ఊళ్ళోని పిల్లలకు ఆ అవకాశం ఎందుకు లేకపోవాలి?

అయితే కొన్ని హద్దులు గట్టిగా గీసుకోవాలి. సేవ పేరుతో పిల్లల చేత కూలి పని చేయించకూడదు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టడం, ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళ దాకా ప్రమాదకరమైన పనుల్లో పెట్టడం చట్టప్రకారం నేరం. రొయ్యల చెరువు గట్టు మీద పెద్దవాళ్ళు తోడు లేకుండా పిల్లలు నిలబడకూడదు. నీళ్ళలో కరెంటు తీగలుంటాయి. సూర్యలంకలో ఇసుక మీదే ఉండాలి, అలల్లో దిగకూడదు. సర్టిఫికెట్ల కోసం సేవ చేయిస్తే పిల్లలు సర్టిఫికెట్లు పోగుచేయడమే నేర్చుకుంటారు. దానికి బదులు ప్రతి పిల్ల చేతా ఒక పుస్తకం రాయించండి. ఏం చూశాను, ఎవరితో మాట్లాడాను, ఏది అర్థం కాలేదు, ఏ పని చేస్తుంటే పొద్దు తెలియలేదు. ఏడాది చివర ఆ పుస్తకం ముందు పెట్టుకుని టీచరు, తల్లిదండ్రులు, పిల్ల కూర్చుంటే గ్రూపు గురించి మాట్లాడటానికి వాళ్ళ దగ్గర విషయం ఉంటుంది.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. కాలేజీ దూరం, బస్సు లేదు, ఒక్కతే ఎలా వెళుతుంది అనే మూడు మాటలతో మన పల్లెల్లో ఎందరో ఆడపిల్లల చదువు పదితో ఆగుతోంది. ఆ వెంటనే పెళ్ళి మాట వస్తుంది. ఇంటి నుంచి ఒక్కర్తినే పంపడానికి భయపడే తండ్రి, టీచరమ్మ వెంట నలుగురు స్నేహితురాళ్ళతో కలిసి వ్యవసాయ కళాశాలకు వెళతానంటే ఒప్పుకుంటాడు. అక్కడ ల్యాబులో పనిచేసే ఒక స్త్రీతో కూతురు మాట్లాడి ఇంటికొచ్చి చెప్పిన మాటలు ఆయన మనసులో పడతాయి. వీలైతే ఆయన్నీ వెంట తీసుకెళ్ళండి. ఈ కార్యక్రమం వల్ల ఒక్కో ఊళ్ళో ఒక్క ఆడపిల్ల పదో తరగతి దాటి ముందుకు వెళ్ళినా నేను దీన్ని విజయం అంటాను.

హెడ్మాస్టర్లకు కొన్ని పనికొచ్చే మాటలు చెప్పి ముగిస్తాను. పదో తరగతివాళ్ళకు మార్చిలో పరీక్షలుంటాయి కనుక బరువంతా తొమ్మిదో తరగతి మీద పెట్టండి. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఉత్తరాలు రాయండి. బాపట్ల వ్యవసాయ కళాశాలకు అసోసియేట్ డీన్ గారి పేరున రాయాలి. వరి పువ్వు చూడాలంటే అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్ళాలి, పొద్దున తొమ్మిది, పదకొండు మధ్యే పువ్వులు విచ్చుకుంటాయి, మధ్యాహ్నం వెళితే ఏమీ కనిపించదు. తుపాను పటం పని ఆగస్టులో మొదలుపెట్టి సెప్టెంబరుకల్లా ముగించండి. తాబేళ్ళ కోసం అటవీ రేంజి అధికారికి డిసెంబరులోనే చెప్పి ఉంచండి. దుగ్గిరాల యార్డుకు పసుపు ఎక్కువగా వచ్చేది వేసవి మొదట్లో, తొమ్మిదో తరగతివాళ్ళకు అప్పుడు తీరిక దొరుకుతుంది. ఒక్కో బృందంలో పదిహేను మంది మించవద్దు, బృందానికి ఇద్దరు పెద్దవాళ్ళు తప్పనిసరి, ప్రతి పిల్ల దగ్గరా తల్లిదండ్రుల సంతకం ఉండాలి. ఎవరి దగ్గరికి వెళుతున్నారో ఆ మనిషికి పిల్లలు అడగబోయే ప్రశ్నలు వారం ముందే పంపండి. తిరిగొచ్చిన మర్నాడు పిల్లల చేతే, వాళ్ళ సొంత మాటల్లో, ఆయనకు ఒక జాబు రాయించి పోస్టులో వేయించండి.